గ్రాహం గొంతు కోసం జెద్దా దాకా

అల్ ఖర్జ్ నుంచి జెద్దాకు మా వాళ్ళు సాధారణంగా మూడు పనుల మీద వెళ్తారు: ఉమ్రా యాత్రకో, కాన్సులేటులో పనికో, సముద్రం చూడటానికో. నేను వెళ్ళింది ఒక ఇంగ్లీషాయన గొంతు చించుకుని అరుస్తుంటే, వెనక కూర్చుని డ్రమ్ములు వాయించడానికి. లీవు అడిగేటప్పుడు మా సూపర్‌వైజరుకు ఇదంతా చెప్పలేదు. "దోస్తు ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్నాడు, సాగనంపి వస్తా" అన్నాను. అదీ అబద్ధం కాదు.

నా పేరు మధు. మాది ప్రొద్దుటూరు. ఇక్కడ ఒక పాల ఫారంలో కోల్డ్ రూములు చూసుకుంటాను. కడపలో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టల్లో పక్కగది వాడి కంప్యూటర్లోంచి నా చెవిన పడింది ఈ సంగీతం. దీన్ని సంగీతం అనడానికి మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. తొంభైల్లో ఇంగ్లండులో, పబ్బుల మీది గదుల్లో, యూత్ క్లబ్బుల్లో కొందరు కుర్రాళ్ళు హార్డ్‌కోర్ అని, పరుగులాంటి వేగంతో అరుస్తూ పాడే సంగీతం ఒకటి వాయించేవాళ్ళు. అందులోకి మెటల్ గిటార్ల బరువు కలిపారు. దానికి మెటల్‌కోర్ అన్న పేరు గట్టిపడింది తర్వాతే. వాళ్ళ వెనక పెద్ద కంపెనీలు లేవు. నలుగురు కలిసి ఒక డెమో క్యాసెట్టు చేసుకోవడం, దానికి కాపీలు తీసి పోస్టులో పంపుకోవడం, జిరాక్సు కాగితాలతో తామే పత్రికలు కుట్టుకోవడం, అంతే. అలాంటి ఒక క్యాసెట్టును ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో నాలుగు పాటలు. బ్యాండు పేరు చెప్పినా వాళ్ళ సొంత ఊళ్ళోనే సగం మందికి తెలియదు కాబట్టి రాయడం లేదు.

ఆ నాలుగు పాటల మీదే నేను డ్రమ్ములు నేర్చుకున్నాను. గురువు లేడు, పుస్తకం లేదు. అల్ ఖర్జ్ వచ్చాక కూడా డ్యూటీ దిగి రాగానే రబ్బరు ప్యాడ్ల మీద సాధన చేసేవాణ్ణి. ఆ వేగం అందుకోవడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏళ్ళు పట్టింది గానీ, అందుకున్నాను.

ఆ క్యాసెట్టులో అరిచిన మనిషి జెద్దాలో ఉన్నాడని పోయిన ఏడాదే తెలిసింది. పేరు గ్రాహం. ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే యంత్రాలు బాగుచేసే ఇంజనీరు. ఈ సంగతి కనిపెట్టింది ఫైసల్ అనే జెద్దా కుర్రాడు. అతనికి గిటారు పిచ్చి, సొంతంగా ఒక ప్రాక్టీసు గది నడుపుతున్నాడు. మళ్ళీ ఒకసారి పాడమని అతను ఎన్నిసార్లు అడిగినా గ్రాహం, "ముప్పై ఏళ్ళయింది నాయనా, వదిలెయ్" అన్నారట. చివరికి ఉద్యోగం ముగిసి, మంగళవారం ఇంగ్లండు విమానం ఖాయమయ్యాక, "సరే, ఈ శుక్రవారం ఒక్కసారి పాడి పోతాను" అన్నారు. డ్రమ్మరు కావాలని ఈ సంగీతం వినేవాళ్ళ మా ఆన్‌లైన్ గుంపులో ఫైసల్ అడిగాడు. ఈ దేశం మొత్తంలో ఆ నాలుగు పాటలు డ్రమ్ముల మీద వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పోటీ లేదు కనుక ఎంపికయ్యాను.

ఆ గొంతు వెనక కూర్చుని ఒక్కసారి వాయించాలి. నాకు కావలసింది అంతే. మంగళవారం దాటితే ఆ అవకాశం మళ్ళీ రాదు.

గురువారం ఉదయం ఎనిమిదింటికి ఫారం గేటు దగ్గర రియాద్ వెళ్ళే షేరింగు కారు ఎక్కాను. నాతో ఉన్న సామాను గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దారి పొడుగునా అందరూ దాని గురించే అడిగారు. ఈ సంగీతంలో ఒక ఆచారం ఉంది. ఊరికి ఎన్ని బ్యాండ్లు వచ్చినా పెద్ద డ్రమ్ములు అందరికీ కలిపి ఒకే సెట్టు. కానీ పగిలే వస్తువులు, అంటే కంచు పళ్ళేల్లాంటి సింబల్స్, చిన్న డ్రమ్ము, కాలితో తొక్కే పెడలు, ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. అడక్కూడదు, అరువివ్వకూడదు. కనుక ఒక భుజానికి గుండ్రటి సంచీలో సింబల్స్, ఇంకో భుజానికి డ్రమ్ము, వీపున బట్టలు, పెడలు. బట్టలు తప్ప ఇవన్నీ రియాద్‌లో ఒక ఫిలిప్పీన్స్ అతను దేశం వదిలి వెళ్తుంటే కొనుక్కున్నవి.

రియాద్‌లో మనవాళ్ళ బజారు బతాలో దిగేసరికి తొమ్మిదిన్నర. గురువారం కాబట్టి ఇంకా కాలు పెట్టగలిగేలా ఉంది. శుక్రవారం అయితే ఆ డ్రమ్ముతో నేను సందులోంచి బయటపడేవాణ్ణి కాను. ఒక ఆంధ్రా మెస్సులో ముద్దపప్పు, గోంగూర పచ్చడి, చేపల పులుసుతో అన్నం తిన్నాను. పదిహేను రియాళ్ళు. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు నా సలహా: బస్సెక్కే ముందు అన్నం బతాలోనే తినండి. ఆ తర్వాత జెద్దా దాకా దొరికేది బిస్కట్లు, టీ, కోడి ముక్కల రొట్టె.

బస్సు మధ్యాహ్నం మూడింటికి. టికెట్టుకు ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డు అడుగుతారు, మరచిపోకూడదు. సామాన్లు పెట్టే బంగ్లాదేశీ కుర్రవాడు నా గుండ్రటి సంచీ లాక్కుని కింద పడేయబోయాడు. నా గుండెలో రాయి పడింది. "భాయ్, టూట్ జాయేగా!" అని అరిచాను. అతను సంచీ మీద వేలితో తట్టి, లోపల నుంచి వచ్చిన మోతకు నవ్వి, "గోద్ మే రఖో, బచ్చా హై క్యా!" అన్నాడు. అలా ఆ బిడ్డను ఒళ్ళో పెట్టుకునే జెద్దా దాకా కూర్చున్నాను.

పక్క సీటులో నలభై ఏళ్ళ మనిషి. పేరు జిలానీ, రాయచోటి, రియాద్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. నగరం దాటకముందే మొదలుపెట్టాడు.

"ఏందప్పా అది, అంత పదిలంగా పట్టుకోనుండావ్? తాంబాళాలా?"

"డ్రమ్ముల మీద కొట్టే సింబల్సన్నా."

"ఓహో, పెండ్లి బ్యాండా?"

"అట్లాంటిదే. కాకపోతే పెండ్లి ఉండదు."

ఆయన పడి పడి నవ్వాడు. జెద్దాకు ఎందుకని నేను అడిగాను. "మా యమ్మ వస్తాంది. రేప్పొద్దన దిగుతాది. ఇమానం ఎక్కేది ఇదే మొదులు. ఉమ్రా చేపిచ్చి, రియాదు తోలకపోయి నెల రోజులు పెట్టుకుంటా" అన్నాడు. అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసి, విమానంలో కిటికీ తెరవకూడదని వాళ్ళమ్మకు చెప్పాడు. అది తెరుచుకోదని నేను చెబితే, "ఆ యమ్మ తెరుస్తాదప్పా, నీకు తెల్దు" అన్నాడు.

ఎడారిలో ఎండ వాలుతుండగా, నేనేం వింటున్నానో చూద్దామని నా ఇయర్‌ఫోను ఒకటి తీసి చెవిలో పెట్టుకున్నాడు. కాసేపు కళ్ళు చిట్లించి విన్నాడు.

"ఎవురో కొట్లాడుకుంటాండారు గదప్పా."

"పాటేన్నా ఇది."

"ఏమంటాడు?"

"మిల్లు మూసేసినారు, మా నాయనోళ్ళను రోడ్డున పడేసినారు, అయినా మేము తలకాయ వంచము అంటాండాడు."

జిలానీ ఇయర్‌ఫోను తీసి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "అట్లయితే అరిసేది న్యాయమే" అన్నాడు. ఈ సంగీతం గురించి ఇంతకంటే మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు.

రాత్రంతా పడుకుని, లేచి, ప్రార్థనకు, టీకి ఆగిన చోటల్లా దిగి నడుం సాగదీసుకుంటూ వెళ్ళాం. తాయిఫ్ దాటి కొండ దిగుతుంటే చెవులు మూసుకుపోయాయి. తెల్లవారుజామున జెద్దా. దిగగానే గాలిలో ఉప్పు, ఒంటికి జిడ్డు. అల్ ఖర్జ్‌లో జనవరి పొద్దున స్వెట్టరు లేకుండా కదలలేం, ఇక్కడ చొక్కా తడిసిపోయింది. జిలానీ నా డ్రమ్మును తనే మోసుకొచ్చి గట్టున పెట్టి, ఎయిర్‌పోర్టు టాక్సీ కోసం పరుగెత్తాడు. అంత ఆనందంగా పరుగెత్తే మనిషిని చూసి చాలాకాలమైంది.

ఫైసల్ గది ఫర్నిచరు గోదాముల వీధిలో, ఒక మేడ పైఅంతస్తులో ఉంది. అతను ఇరవై ఆరేళ్ళ పొడుగాటి మనిషి, మాట కంటే ముందు నవ్వు వస్తుంది. వెళ్ళగానే కింద అఫ్ఘానీ పొయ్యిలోంచి అప్పుడే తీసిన తమీస్ రొట్టె, ఫూల్ అనే చిక్కుడుగింజల ముద్ద తెప్పించాడు. గోడన మేకుకు తగిలించి అమ్మే ఆ రొట్టె జల్లెడంత ఉంది. నూనె, జీలకర్ర పడిన ఆ ముద్దలో తుంచుకుని ముంచి తింటుంటే, బస్సు ప్రయాణం మొత్తం మరిచిపోయాను. బిల్లు ఎనిమిది రియాళ్ళు. అదీ ఇవ్వనివ్వలేదు.

శుక్రవారం కాబట్టి జుమ్మా నమాజు అయ్యేదాకా ఊరు కదలదు. ఒంటిగంటన్నరకు బాసు గిటారు వాయించే జోజో వచ్చాడు. ఫిలిప్పీన్స్ అతను, ఆసుపత్రిలో నర్సు, గ్రాహం పనిచేసేచోటే. అతని వెనక మెట్లెక్కుతూ, రెండు చేతులతో పెద్ద గిన్నె మోసుకుంటూ గ్రాహం వచ్చారు.

నేను ఊహించుకున్నది వేరు. గుండు, కొంచెం వంగిన నడుము, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను లేచి నిలబడి "సర్" అన్నాను. "సర్ అంటే పాడను" అన్నారాయన. గిన్నెలో ఎర్రచిక్కుడుగింజల కూర. అదీ వాళ్ళ ఆచారమేనట. ఆ రోజుల్లో ఊరుకాని ఊరి నుంచి బ్యాండు వస్తే, పిలిచినవాడు డబ్బులివ్వలేకపోయినా కూర వండి పెట్టాలి, తన ఇంట్లో నేల మీద పడుకోనివ్వాలి. వాళ్ళలో చాలామంది మాంసం ముట్టరు కనుక ఎప్పుడూ ఇదే కూర.

"మేం పదిహేడేళ్ళవాళ్ళం" అని చెప్పుకొచ్చారు అన్నం కలుపుకుంటూ. "పబ్బు కింద తాగేవాళ్ళు, పైన మేము. స్టేజీ ఉండదు. పాడేవాడూ వినేవాడూ ఒకే నేల మీద. మాలో కొందరు ముంజేతి మీద నల్లగా గుణకారం గుర్తు వేసుకునేవాళ్ళు. తాగం, పొగ పీల్చం అని ఒట్టు."

"ఇక్కడ దేశం మొత్తం మీ బ్యాండే" అన్నాడు ఫైసల్. గ్రాహంకు కూర పొలమారింది.

రెండున్నరకు ప్రాక్టీసు మొదలైంది. కచేరీ మధ్యాహ్నం వాలాక చేసే అసర్ నమాజు తర్వాత, నాలుగూ పావుకు. నా సింబల్స్ స్టాండుకు ఎక్కించి, స్క్రూలు బిగించి కూర్చున్నాను. నేనూ ఫైసలూ జోజో ఎవరి గదిలో వాళ్ళం అదే ఫైలు విని నేర్చుకున్నవాళ్ళం. అందుకే మొదటి దెబ్బ నుంచే ముగ్గురం ఒక్కటిగా కలిసిపోయాం. నాకు ఒళ్ళు పులకరించింది. ఇక ఆ గొంతు రావడమే తరువాయి అనుకున్నాను.

గొంతు వచ్చింది, కానీ వెనకబడింది. నాలుగు మాటలు పాడేలోపు మేం ఐదో మాట దగ్గరున్నాం. ఆయన పరుగెత్తి అందుకోబోయి ఊపిరి చాలక ఆగారు. "మళ్ళీ" అన్నారు. మళ్ళీ అదే. మూడోసారి ముఖం కందిపోయింది, దగ్గు పట్టుకుంది. రెండో పాటకు వెళ్దామన్నాం, అక్కడా అంతే. ఆయన మైకు మెల్లగా స్టాండులో పెట్టి, "వయసైపోయింది. ఇది నేను చెయ్యలేను. మీరు ముగ్గురూ అద్భుతంగా వాయిస్తున్నారు. మీరే వాయించండి, నేను ముందు నిలబడి వింటాను" అని బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

ఫైసల్ గిటారు దించి పక్కన పెట్టాడు. నేనైతే ఏడుపు ఆపుకున్నాను. అన్ని మైళ్ళు వచ్చింది ఆయన లేకుండా వాయించడానికి కాదు. పైగా ఆయన ఈ దేశం వదిలి వెళ్ళేది "నా వల్ల కాలేదు" అన్న మాటతోనా? ఆ ఆలోచన ఇంకా బాధపెట్టింది.

వెళ్ళి ఆయన పక్క మెట్టు మీద కూర్చున్నాను. "మీరు అప్పుడు ఎంత వేగంగా పాడారో మీకే గుర్తు లేదేమో, ఒక్కసారి వినండి" అని ఫోను తీశాను. ఆయన చేయి అడ్డం పెట్టారు. సొంత గొంతు వినాలంటే సిగ్గట. తన దగ్గరున్న క్యాసెట్టు ఎప్పుడో పోయింది, ఇంటర్నెట్‌లోది ఇంతవరకూ ఒక్కసారీ వినలేదు. ఆ మాటకు నేను ఆశ్చర్యపోయాను. బతిమాలితే ఒక ఇయర్‌ఫోను తీసుకున్నారు.

పది క్షణాలు విన్నారు. ఇంకో పది. తర్వాత భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"ఎవరు ఈ కోడిపెట్ట?"

"మీరే."

"నేను కాదు. పదిహేడేళ్ళకే నాది ఎద్దు గొంతు. ఇది మా చెల్లెలు అరిచినట్టుంది!"

నవ్వు విని ఫైసల్ గడపలోకి వచ్చాడు. విషయం వినగానే ముఖం మారిపోయింది. "గ్రాహం, మీ గిటారు తీగలు ఎంత కిందికి దించేవాళ్ళు?" అన్నాడు. "చాలా కిందికి. తీగలు వేలాడుతూ ఉండేవి" అన్నారాయన. ఫైసల్ నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. అతను ఫైలుకు సరిపోవాలని తీగలు బాగా పైకి బిగించాడట. అంత సన్నగా ఎందుకుందా అని మొదట్లో అనుమానం కూడా వచ్చిందట, బ్రిటిష్ పద్ధతేమోలే అని ఊరుకున్నాడు.

ఇక చెప్పేదేముంది? టేప్‌రికార్డరు మోటారు జోరుగా తిరిగితే పాట తొందరగా అవుతుంది, పాడేవాడి గొంతు పసిపిల్లాడి గొంతవుతుంది. మన ఊళ్ళలో టీ కొట్టు దగ్గర నిలబడినవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఆ క్యాసెట్టు చేతులు మారుతూ కాపీ మీద కాపీ అయ్యేటప్పుడు ఏదో ఒక మిషను పరుగెత్తింది. దాన్నే పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో పెట్టాడు. నేను చెమటోడ్చి అందుకున్నది ఏ మనిషి వేగమూ కాదు, ఒక చెడిపోయిన మోటారు వేగం!

"ఖలాస్, తేలిపోయింది! లోపలికి రండి" అన్నాడు ఫైసల్. కంప్యూటర్లో ఆ ఫైలు పెట్టి వేగం కొంచెం కొంచెం తగ్గిస్తూ పోయాడు. కోడిపెట్ట మెల్లగా కుర్రాడైంది. గిటార్లు బరువెక్కాయి. ఒకచోట గ్రాహం చెయ్యెత్తారు.

"ఆపు. అదిగో. అది నేనే."

తర్వాత కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కుని విన్నారు. పాట అయ్యాక కళ్ళు తుడుచుకుని, "అంత చెడ్డగా ఏం లేనే" అన్నారు. ఆ నిమిషంలో నాకు ఆయన మీద కలిగిన ప్రేమ రాయడానికి చేతకావడం లేదు.

ఫైసల్, జోజో తీగలు దించుకున్నారు. వాళ్ళ పని అయిపోయింది. నా పనే మిగిలింది. చేతులకు ఆ పరుగు తప్ప వేరే నడక తెలియదు. నిదానమే ప్రధానం అని మా అమ్మ చిన్నప్పటి నుంచి చెప్పింది, నేను విన్నది ఎప్పుడు? ముఖ్యంగా మూడో పాట చివర, అంతా నెమ్మదించి ఒక్కొక్క దెబ్బ బండరాయిలా పడాల్సిన చోట, ప్రతిసారీ ముందే పడిపోతున్నాను. నెమ్మదిగా వాయించడం ఇంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు.

గ్రాహం వచ్చి నా పక్కన నిలబడ్డారు. "రెండు దెబ్బల మధ్య ఏం చేస్తున్నావు?"

"ఎదురుచూస్తున్నా."

"ఎదురుచూడకు. ఊపిరి తీసుకో. నేనూ అక్కడే తీసుకునేవాణ్ణి."

ఆయన నోరు తెరిచి శబ్దం వచ్చేలా గాలి పీల్చారు. నేనూ పీల్చాను. దెబ్బ వేశాను. అది సరిగ్గా పడింది. గది నేల అదిరింది. జోజో కేక పెట్టాడు. అలా ఇద్దరం కలిసి ఊపిరి పీలుస్తూ అసర్ అజాన్ దాకా ఆ ఒక్క ముక్కే వాయించాం.

నమాజు అయి నాలుగూ పావు అయ్యేసరికి గదిలో ఓ నలభై మంది. జెద్దా కుర్రాళ్ళు, కాలేజీ అమ్మాయిలు కొందరు, జోజోతో పనిచేసే నర్సులు, గ్రాహం ఆసుపత్రి నుంచి టై కట్టుకుని వచ్చిన ఇద్దరు డాక్టర్లు. ఆ డాక్టర్లు ఇది వీడ్కోలు పార్టీ అనుకుని కేకు తెచ్చారు. స్టేజీ లేదు. నా పెడలుకు రెండడుగుల దూరంలో మొదటి వరస నిలబడింది.

ఫైసల్ "యల్లా" అన్నాడు. మొదలుపెట్టాం.

ఆ గొంతు ఎలా ఉందో చెబుతాను. లారీ గేరు మార్చేటప్పుడు కింద నుంచి వచ్చే మోత ఉంటుందే, అలా నా వీపులోంచి పోయింది. ఫైలులో ఆ బరువు ఏనాడూ వినలేదు. ఇస్త్రీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, జేబులో పెన్నులు ఎటో ఎగిరిపోయాయి. వంగిన నడుము ఎప్పుడు నిటారైందో నేను చూడలేదు. మూడో పాట చివరకొచ్చింది. ఆయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఇద్దరం ఊపిరి పీల్చాం. దెబ్బ పడింది. నలభై తలలు ఒక్కసారిగా కిందికి ఊగాయి. టై కట్టుకున్న డాక్టరు కూడా ఊగాడు, చేతిలో కేకు పెట్టెతో సహా.

నాలుగో పాటలో గ్రాహం మైకును జనంలోకి అందించారు. వాళ్ళ రోజుల్లో పాట పాడేవాడొక్కడిదే కాదట. తలకు స్కార్ఫు కట్టుకున్న ఒక చిత్రకళ విద్యార్థిని మైకు అందుకుని, ఆ మిల్లు పాటలోని వరసను అరబీలో తన సొంత మాటలతో అరిచింది. ఏమందో నాకు అర్థం కాలేదు. ఫైసల్ మాత్రం తీగ తెగేంతగా నవ్వాడు.

నాలుగు పాటలూ అయ్యాక, పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు ఇంకా టైముంది. గ్రాహం రొప్పుతూ మైకు పట్టుకుని, "ఈ కుర్రాడు ఒక చెడిపోయిన టేప్‌రికార్డరుతో పందెం వేసి గెలిచాడు. మీరు అది కూడా చూడాలి. నేను పాడను, వింటాను" అన్నారు. నన్ను చూసి, "మధూ, నీ పద్ధతిలో" అని జనంలోకి వెళ్ళిపోయారు.

ఏ రోటి దగ్గర ఆ పాట. కర్రలు బిగించి పట్టుకుని మొదటి పాటను మోటారు వేగంతో ఎత్తుకున్నాను. జోజో పళ్ళు బిగించాడు, ఫైసల్ వేళ్ళు కనిపించలేదు. గది పిచ్చెక్కిపోయింది. జనం మధ్యలో, నర్సుల గుంపులో, యాభైకి చేరువైన గ్రాహం రెండు కాళ్ళూ ఎగరేసి గంతులేస్తున్నారు. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఈ వాక్యం ఆలోచించే రాస్తున్నాను.

ఆ రాత్రి ఆచారం ప్రకారం గ్రాహం ఇంట్లో నేల మీద పడుకున్నాను. మంచాలు అప్పటికే అమ్మేశారు కాబట్టి ఆయన కూడా నేల మీదే. శనివారం పొద్దున కార్నిష్ దాకా నడిచి సముద్రం చూసి, టీ తాగి, పదింటి బస్సుకు ఆయనే తన కారులో తెచ్చి దించారు. "ఇంగ్లండు వస్తే నేల ఉంది, కూర ఉంది" అన్నారు. నేను ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నాననుకుని ఆయన కూడా వంగి వెతికారు. ఇద్దరం నవ్వుకుంటూ లేచాం.

తిరుగు బస్సు సగం ఖాళీ. సింబల్స్‌కు పక్క సీటు దొరికింది. తాయిఫ్ దాటాక అసర్‌కు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపారు. టీ తీసుకుని ఎండలో నిలబడ్డాను. మణికట్లు నొప్పి. అయినా మనసు తేలిగ్గా ఉంది. నాలుగు పాటలు వాయించడానికి రెండు రోజుల బస్సు ప్రయాణం అవసరమా అని ఎవరైనా అడిగితే, అవసరమే అంటాను. కోరుకున్నది దొరికింది. ఒకే ఒక్క చోట కొంచెం వెలితి. ఆ రెండో పద్ధతి, నేను ఇన్నేళ్ళు కష్టపడ్డది, ఉత్త పొరపాటే కదా అనుకున్నాను. సరదాకి ఒకసారి వాయించడానికి పనికొచ్చింది, అంతే.

అప్పుడు గ్రాహం నుంచి మెసేజ్ వచ్చింది. నిన్న నర్సులు తీసిన మొదటి పాట వీడియోలు రెండూ, అసలు వేగంలోదీ మోటారు వేగంలోదీ, వాళ్ళ పాత డ్రమ్మరు కెవిన్‌కు పంపారట. ఆ నాలుగు పాటలు పుట్టించిన చేతులు అవే. ఇప్పుడు ఆయన వాళ్ళ ఊళ్ళోనే బస్సు నడుపుతాడు. కెవిన్ జవాబును గ్రాహం ఉన్నదున్నట్టు నాకు పంపారు.

"మొదటిది మేం వాయించింది. రెండోది నేను వాయించాలనుకుని, చేతకాక వదిలేసింది. ఆ వేగం నా తలలో ఉండేది, చేతుల్లో లేదు. ఎవరు ఆ కుర్రాడు?"

బంకు దగ్గర నిలబడి దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. డ్రైవరు హారను కొడుతున్నాడు. కళ్ళు తుడుచుకుని, కర్చీఫు జేబులో పెట్టుకుని, "ప్రొద్దుటూరు మధు" అని టైపు చేసి పంపి బస్సెక్కాను.